అయిదడుగుల ఏడు దాటని పూస

బరువు అంటే ఏదో పెద్దదే అనుకుంటారు మీరు. నేను మోస్తున్నది ఒక్క అంకె. ఏడు. అది ఎనిమిది కావలసింది. కాలేదు. కానివ్వలేదు, అదీ అసలు మాట. పెళ్లయి, పిల్ల పుట్టి, ఆ పిల్ల నాకంటే పొడుగయ్యేదాకా ఆ ఏడును కడుపులో పెట్టుకుని తిరిగాను. నవ్వుతూనే తిరిగాను. ఇతగాడికి చీకూచింతా లేదని చూసినవాళ్లు అనుకునేంతగా నవ్వుతాను నేను. మీకు చెబుతున్నప్పుడూ నవ్వు వస్తూనే ఉంటుంది, ఏమనుకోకండి. తప్పు చిన్నదని కాదు, నా తీరే అంత.

పేరు చెప్పను. ఇల్లు నిజామాబాద్‌లో, కంఠేశ్వర్ దగ్గర. పుట్టింది బోధన్ పక్క పల్లెలో. మా దిక్కు చెరుకు బండి పోతుంటే వెనకనుంచి గడ గుంజుకోని పిల్లవాడు లేడు. బండివాడు తిట్టేవాడు, మేం నమిలేవాళ్లం, దాన్నెవరూ దొంగతనం అనలేదు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ప్రైవేటువాళ్ల చేతికి పోయాక మా బాపు చెరుకు మానేసి వరిలోకి దిగాడు, నన్ను కంప్యూటర్ నేర్చుకొమ్మని నిజామాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌కు పంపాడు. నేర్చుకున్నాను, తర్వాత అదే ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పాను. అందుకే అందరూ సార్ అంటారు. ఇంకొకరిది నిజంగా కాజేయడం నేను నేర్చుకున్నది ఆ తర్వాతే, చదువుకున్నవాడిగా, కుర్చీలో కూర్చుని.

శకుంతలక్క అని మాకు తెలిసినామె ఉండేది. వయసులో ఉన్నప్పుడు బీడీలు చుట్టింది. ఆ పని మీద ఇల్లిల్లూ తిరగడంతో ఎవరింట్లో ఏ పిల్ల ఎదిగిందో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. చివరికి బీడీలు వదిలేసి పెళ్లి సంబంధాల ఆఫీసు పెట్టింది. ఒక గది, ఒక కూలర్, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. కంప్యూటర్ లేకుంటే జనం నమ్మడం లేదని, అమ్మాయిల వివరాలన్నీ అందులో పెట్టి ఒక ప్రోగ్రామ్ రాసిపెట్టమని నన్ను అడిగింది. నాకు అప్పుడు పెళ్లి కాలేదు. అలాంటివాడికి ఆ పని అప్పగించడం పాలకు పిల్లిని కాపలా పెట్టడమే. పాపం, ఆమెకు ఆ ఊహ రాలేదు.

ప్రోగ్రామ్ చాలా చిన్నది. తెర మీద అమ్మాయిల ఫొటోలు, పేర్లు. కింద ఎత్తు కోసం ఒక స్లైడర్. మీ ఫోన్‌లో వెలుతురు పెంచడానికి వేలితో జరుపుతారు చూడండి, అదే. ఒక గీత, దాని మీద జారే చిన్న గుండ్రం. దాన్ని ఎక్కడ ఆపితే అంత ఎత్తు వరకు ఉన్న అమ్మాయిలు కనిపిస్తారు. శకుంతలక్క దాన్ని పూస అనేది. అబ్బాయిల తల్లులకు ఆ పూసంటే ప్రాణం. ఇంకొకరు జరిపితే ఒప్పుకునేవాళ్లు కాదు, తామే జరపాలి. బాల్కొండ నుంచి వచ్చిన ఒక పెద్దామె మౌస్‌ను బల్ల మీదినుంచి ఎత్తి నేరుగా తెరకే ఆనించి జరిపింది. కోడలిని వెతకడం అంత చేతిపనిగా ఉండాలని ఆమె పట్టుదల.

స్లైడర్ పెట్టేటప్పుడు రాసేవాడు రెండు సంగతులు చెప్పాలి. గీత ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు. మొదలు నాలుగున్నర అడుగులు పెట్టాను. ఆఖరు దగ్గర ఒక్క క్షణం ఆలోచించాను. నా ఎత్తు అయిదడుగుల ఆరు. దానికి ఇంకొక అంగుళం కలిపి, ఇంతకంటే పొడుగు ఆడపిల్ల మన జిల్లాలో ఎక్కడుంటుందిలే అనుకుని అయిదడుగుల ఏడు అని కొట్టాను. అప్పటికి అది పాపం కాదు. తన ఎత్తుతో లోకాన్ని కొలిచిన పొట్టివాడి పొరపాటు, అంతే.

రజిత ఆ తర్వాత వచ్చింది. పేరు మార్చాను, ఎత్తు మార్చలేదు.

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. సంబంధాల కాగితంలో పొట్టి అబ్బాయికి రెండంగుళాలు పెంచుతారు, పొడుగు అమ్మాయికి రెండంగుళాలు తగ్గిస్తారు. రెండు వైపులా ఇదే నడుస్తుంది కనుక ఎవరూ మోసపోరు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు కదా. ఆ లెక్కన శకుంతలక్క రజితకూ రెండు తగ్గించి అయిదు ఆరు అని రాసింది. రజితది ముప్కాల్‌లో పసుపు పండించే ఇల్లు. తను కంఠేశ్వర్‌లో ఒక క్లినిక్‌లో రక్తపరీక్షలు చేసేది. ఆ కాగితం కళ్లబడగానే మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా ఆఫీసుకు వచ్చింది. నెత్తురు రిపోర్టులో నేనొక అంకె తగ్గించి ఇస్తే నువ్వు ఊరుకుంటావా అక్కా, అని అడిగింది. గట్టిగా కాదు, నవ్వుతూనే. నేను మూలన ప్రింటర్ విప్పుకుని కూర్చున్నాను. ఆ మాటకు తలెత్తాను. ఎత్తిన తల ఇంకా కొంచెం ఎత్తవలసి వచ్చింది.

సరే కొలుద్దామని శకుంతలక్క పొడుగాటి ఇనుప టేపు తీసింది. ఆమెకు అందలేదు. నాకు చెప్పింది. నాకూ సరిగా అందలేదు. స్టూలు తెచ్చి ఎక్కి, టేపు కొన రజిత నడినెత్తిన పెట్టి పట్టుకున్నాను. కింద శకుంతలక్క చదివింది, అయిదడుగుల ఎనిమిది. పడతారు జాగ్రత్త సార్, అంది రజిత పైకి చూడకుండానే. అప్పటికే పడ్డాను. ఆమె చెప్పిన అంకెనే టైప్ చేశాను, నా చేత్తోనే.

ఆమె వెళ్లాక, ఒకసారి ఆ ఫొటో చూద్దామనిపించి పూసను జరిపాను. కనిపించలేదు. చివరిదాకా జరిపాను. లేదు. నిమిషంలో అర్థమైంది. గీత అయిదు ఏడు దగ్గర అయిపోతోంది, ఆమె గీత అవతల ఉంది. రెండంగుళాల అబద్ధం అలాగే ఉంచుకుంటే రజిత ప్రతి తల్లికీ కనిపించేది. నిజం చెప్పింది కనుక మాయమైంది.

సరిచేయడానికి ఒక్క అంకె చాలు. చెయ్యి దాని మీదికి వెళ్లింది కూడా. ఇంతలో చాయ్ వచ్చింది. తాగి చేద్దాంలే అనుకున్నాను. తాగాను. చేయలేదు. రేపు అనుకున్నాను. రేపు ఇన్‌స్టిట్యూట్‌లో పని. వచ్చే వారం అనుకున్నాను. మీకు ఇలాంటి వచ్చే వారాలు ఉన్నాయా? ఉంటే నన్ను అర్థం చేసుకుంటారు. నేనేమీ చేయడం లేదు కదా, ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేశాను అంతే, అని నాకు నేనే చెప్పుకున్నాను. పొరపాటు ఎక్కడ ఆగింది, తప్పు ఎక్కడ మొదలైంది అని చాలాసార్లు వెతికాను. ఆ చాయ్ గ్లాసు దగ్గరే అని ఇప్పుడు అనిపిస్తుంది.

అప్పుడే వెళ్లి పెళ్లి మాట అడగవచ్చు కదా అంటారు. అడగవచ్చు. భయం. నాకంటే పొడుగు, నాకంటే నిక్కచ్చి, ఉద్యోగం ఉన్న పిల్ల. ఒకరిద్దరు మంచి సంబంధాలు చూశాక నన్ను చూస్తే ఏమంటుందో నాకు తెలుసు. అందుకని ఆ ఒకరిద్దరు రాకుండా చూసుకున్నాను. ఎంత మర్యాదగా చెప్పినా సంగతి అదే.

ఒకరు రానే వచ్చారు. శకుంతలక్క ఆఫీసులో లేని రోజు, ఆర్మూర్ నుంచి ఒక తల్లి. కొడుకు ఆరడుగులు, సర్కారు నౌకరీ. పక్కన నిలబడితే ఈడూజోడూ కుదరాలని, పొడుగు పిల్లే కావాలని అడిగింది. తనే కూర్చుని పూసను ఆ చివరిదాకా జరిపింది. ఆగిపోయింది. ఇంకా జరగదా సార్, అని నన్ను అడిగింది. గింతవరకే ఉన్నరమ్మా అన్నాను. ఆమె మౌస్‌ను మరోసారి బలంగా నెట్టి చూసింది, బల్ల చివరిదాకా. తర్వాత లేచి చెప్పులు వేసుకుంది. ఆ రోజు నేను మాట్లాడితే చాలు. మాట్లాడాను కూడా, అదే కదా తప్పు.

ఆ అబ్బాయికి వేరే పెళ్లయింది, బాగున్నాడు. అప్పుడప్పుడు బజారులో కనిపిస్తాడు. జుట్టు ఊడింది, పొట్ట వచ్చింది. చూసిన ప్రతిసారీ లోపల ఒక చిన్న సంతోషం పుడుతుంది. వెంటనే సిగ్గు వేస్తుంది. రెండూ నావే.

ముప్కాల్‌లో రజిత అమ్మ ఎదురుచూసింది. ఎవరూ రాలేదు. శకుంతలక్కను అడిగితే కంప్యూటరే ఇస్తలేదు, నేనేం జెయ్యాలె అనేది. పసుపు ఉడకబెట్టే రోజుల్లో చుట్టాలందరూ చేరతారు కదా, ఇంకా కాలేదా అని అందరూ అడుగుతుంటే ఆమె కొప్పెర పొగను అడ్డం పెట్టుకుని ఏడ్చిందట. ఈ సంగతి నాకు పెళ్లయ్యాక తెలిసింది. ఆ ఏడుపు నా ఖాతాలోది.

చివరికి ఒకరోజు రజిత ఒక్కతే ఆఫీసుకు వచ్చింది. శకుంతలక్క లేదు. నేనున్నాను. నిలబడే అడిగింది.

"సార్, నా పేరు అసలు గీ కంప్యూటర్ల ఉన్నదా?"

"ఉన్నది."

"మరి ఎవ్వరు ఎందుకు వస్తలేరు? ఎత్తుకేనా?"

నేను తెర వైపు చూశాను.

"కావచ్చు."

"అయితే ఏం జెయ్యాలె? కాళ్లు కోసుకోవాల్నా?"

అని నవ్వింది. నేనూ నవ్వాను. రెండు జవాబులూ అబద్ధం కావు, చూడండి. ఉన్నది అంటే ఉంది. కావచ్చు అంటే ఎత్తుకే కదా, ఒక రకంగా. రెండు నిజాలతో ఇంత పెద్ద అబద్ధం చెప్పవచ్చని ఆ రోజు తెలిసింది. ఆమె నవ్వు ముగిశాక మొహం ఒక్క క్షణం ఎలా అయిందో కూడా చూశాను. ఆ మొహమే నన్ను కదిలించిందని చెప్పుకోవాలని ఉంది. నిజానికి, ఇక పోటీకి ఎవరూ లేరన్న ధైర్యమే కదిలించింది.

మా అమ్మకు చెప్పాను, శకుంతలక్కతో మాట పంపించాను. మా అమ్మ పిల్లను చూసి వచ్చి, చెరుకుగడ లెక్కున్నది బిడ్డా, మనింటి దర్వాజ తలకు తగుల్తది అంది. బోధన్ దిక్కు ఆ పోలిక తిట్టా పొగడ్తా అని అడగకూడదు, రెండూ. ముప్కాల్‌లో వాళ్లమ్మ నన్ను దేవుడు పంపాడంది. రజిత ఒప్పుకుంది. నా అయిదు ఎనిమిది చూసి కూడా అడిగిన ఒక్కడు, అని అందరికీ చెప్పింది. పెళ్లిలో తలంబ్రాలప్పుడు మా మేనమామ నా కింద ఇంకొక పీట వేయించాడు. పొడుగు పిల్లను చేసుకున్నవాడని, మనసు పెద్దదని నన్ను మెచ్చుకోని చుట్టం లేడు. తేలు కుట్టిన దొంగలా కూర్చుని అక్షింతలు వేయించుకున్నాను.

నిశ్చయమైన మర్నాడే ఆ ఆఖరు అంకెను పెంచాను. ఆరున్నర అడుగులు! దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టు. ఆ గీత అవతల రజిత కాక ఇంకెవరైనా ఉండిపోయారా అని పేర్లన్నీ తిరగేసి చూశాను. లేరు. ఉంటే ఇలా నవ్వుతూ రాయగలిగేవాణ్ని కాదు.

బాగానే కాపురం చేశాం. చాలా బాగా అని కూడా రాయవచ్చు. ఇప్పటికీ నన్ను సార్ అనే పిలుస్తుంది, వెక్కిరించడానికి. పైనున్న డబ్బాలు తనే దించుతుంది, కింద పడినవి నేను ఏరుతాను. ఏ పెళ్లికి వెళ్లినా ఎవరో ఒకరు మా జోడీ మీద హాస్యమాడతారు. అప్పుడు రజిత, ఎవ్వరు రాకుంటే ఈ సారే దిక్కయ్యిండు అంటుంది. అందరూ నవ్వుతారు. అందరికంటే గట్టిగా నేను నవ్వుతాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ నవ్వులో ఎక్కడో నా చెయ్యి భుజం మీదికి పోతూనే ఉంటుంది.

అలాగే పోతుందనుకున్నాను. నవ్వుల్లోనే కరిగిపోతుందనుకున్నాను. కానీ మాకొక కూతురు ఉంది.

శ్రీజకు అమ్మ పోలిక. తొమ్మిదో తరగతిలో నన్ను దాటేసింది. నాకు గర్వంగానే ఉండేది. కొన్నాళ్లుగా నడక మారింది. భుజాలు ముందుకు వంచి, మెడ లోపలికి దించి నడుస్తోంది. స్కూల్ ఫొటోలో మోకాళ్లు కూడా వంచింది, నేను కనిపెట్టాను. రజిత చూసి ఊరుకోలేక ఓదార్చింది. నాకూ ఎవ్వరు రాలే బిడ్డా, అయినా మీ బాపు రాలేదా, నీకూ ఎవడో ఒకడు వస్తడు. ప్రేమగానే చెప్పింది. పిల్లకు ఆ మాటలో ఎవ్వరు రాలే అన్నదొక్కటే వినిపించింది. అబద్ధం నాది. చెప్పింది రజిత, నిజమనుకుని. వంగింది శ్రీజ నడుము. ఇంత దూరం వచ్చింది నా ఏడు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం శ్రీజ స్కూల్ ప్రాజెక్ట్ చేస్తోంది. తెర మీద ఒక అమ్మాయి బొమ్మ, కింద స్లైడర్. జరిపితే బొమ్మ పొడుగవుతుంది. ముచ్చటగా గీసింది, రెండు జడలు కూడా వేసింది. బాపు, సూడు అంది. జరిపాను. బొమ్మ పెరిగి ఒకచోట ఆగిపోయింది. తెర పైన ఇంకా బోలెడు ఖాళీ ఉంది. ఆఖరు ఎంత పెట్టినవ్ అని అడిగాను. అయిదు అయిదు అంది. నువ్వే అయిదు ఏడు ఉన్నవ్ కదరా అన్నాను.

"అంతకన్న పొడుగు అమ్మాయి ఎందుకు బాపు?" అంది, తల కూడా తిప్పకుండా.

నవ్వు రాలేదు. నాకు నవ్వు రాకపోవడం ఆ ఇంట్లో అదే మొదలు కావచ్చు. వంటింట్లో రజిత సర్వపిండి కాలుస్తోంది. పిలిచాను. చేతికి పిండి అంటుకునే వచ్చింది. ఇద్దరి ముందూ చెప్పాను. స్టూలు, టేపు, అయిదు ఏడు, చాయ్, ఆర్మూర్ తల్లి, అన్నీ. మధ్యలో ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని గబగబా చెప్పాను. ఎత్తుకేనా అని అడిగినవు గదా అప్పుడు, ఎత్తుకు గాదు, నేనే రానియ్యలే, అన్నాను.

రజిత చేతి మీది పిండి గోకుతూ నిలబడింది. తర్వాత అడిగింది.

"అంటే, నాకోసం వచ్చేటోళ్లా?"

"వచ్చేటోళ్లు."

కోపం వస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. అన్నింటికీ సిద్ధపడ్డాను, ఆ ప్రశ్నకు మాత్రం సిద్ధపడలేదు. ఇన్నేళ్లూ ఆమె నవ్వుతూ చెప్పిన ఆ హాస్యం ఆమెకు ఎక్కడ గుచ్చుకుని ఉందో నాకు అప్పుడే కనిపించింది. ఆ ముల్లు గుచ్చినవాణ్ని నేను. పక్కన కూర్చుని నవ్వినవాణ్నీ నేనే. రజిత వంటింట్లోకి పోయి స్టవ్ ఆపింది. ఫోన్ తీసుకుని ముప్కాల్‌కు, వాళ్లమ్మకు చేసింది.

"అవ్వా, అప్పుడు నాకు సంబంధాలు వచ్చేటివట," అంది. అవతల ఆమె ఏమందో వినిపించలేదు. "ఎట్లనో తర్వాత చెప్త. వచ్చేటివట, అంతే." ఆ మాటే ఇంకోసారి చెప్పింది, ఈసారి నవ్వుతూ.

నన్ను ఇప్పటిదాకా ఏమీ అనలేదు. సర్వపిండి మాత్రం పెట్టింది, మాడినది. కావాలని పెట్టిందా, ఫోన్‌లో ఉండగా పెనం వేడికే మాడిందా అని అడిగే ధైర్యం నాకు లేదు, తినేశాను. నిన్న పొద్దున స్కూటీ తాళం తీసుకుంటూ, ఆర్మూర్ పిలగాడు ఎంత పొడుగు అని అడిగింది. ఆరడుగులు అన్నాను. ఊఁ అని వెళ్లిపోయింది. సార్ అనలేదు.

క్షమించమని నేను అడగలేదు. అడగడానికి ముందు ఆమెకు తిట్టే హక్కు ఉంది, అది వాడుకోనివ్వాలి. ఆ ఒకరిద్దరిని చూశాక కూడా నన్నే చేసుకునేదా? తెలియదు. నాకు తెలియకుండా చేసుకున్నది నేనే, ఇక ఆమెకూ ఎప్పటికీ తెలియదు. ఇది తీరేది కాదు. అయినా మీకు చెబుతుంటే, ఇదే కథ రెండోసారి చెబుతుంటే, ఊపిరి సులువుగా ఆడుతోంది. లోపల ఉన్నప్పుడు పెద్దదిగా ఉండేది.

శ్రీజ ఆ ఆఖరు అంకెను తనే మార్చింది. ఎంత పెట్టిందో నేను అడగలేదు. ఇప్పుడు పూసను జరుపుతుంటే రెండు జడల అమ్మాయి పెరుగుతూ పెరుగుతూ పోయి, నెత్తి తెర పై అంచుకు తగిలినా ఆగడం లేదు. తల కనిపించకుండా పోతోంది, ప్రోగ్రామ్‌లో తప్పుంది, సరిచెయ్యి అన్నాను. శ్రీజ ఒప్పుకోలేదు. కుర్చీలో నిటారుగా కూర్చుని, తెరనే పెద్దగ జెయ్యాలె బాపు, అంది.